చదివేది ఎవరో చెప్పండి, మార్కులు వేస్తాం

పల్నాడులో పుస్తకానికి మార్కులు వేయటం కష్టమైన పనేం కాదు. తెరవక్కర్లేదు, చదవక్కర్లేదు, కనీసం అట్ట మీది పేరు కూడబలుక్కోనక్కర్లేదు. ఎవరి చేతిలో ఉందో చూస్తే చాలు. మగమనిషి చేతిలో ఉంటే సాహిత్యం. కాస్త పచ్చిగా ఉంటే రసికత. మరీ పచ్చిగా ఉంటే ప్రాచీన సాహిత్యం, దాని మీద పీహెచ్‌డీ కూడా చేసుకోవచ్చు. అదే పుస్తకం ఆడమనిషి ఒళ్ళో కనబడిందా, నరసరావుపేట పల్నాడు రోడ్డు నుంచి గురజాల రచ్చబండ దాకా ఒకటే తీర్పు: కాలం చెడిపోయింది.

ఈ మధ్య ఈ కోర్టుకి కొత్త ముద్దాయి దొరికింది. బాయ్స్ లవ్ మాంగా. చదివేవాళ్ళు పొట్టిగా బీఎల్ అంటారు. జపాన్ బొమ్మల కథలు. ఇద్దరు మగాళ్ళ మధ్య ప్రేమ, అలక, అనుమానం, కౌగిలి, పెద్దలకు మాత్రమే అని ముద్ర ఉన్నవాటిలో పడకగది కూడా. విచిత్రమేమంటే వీటిని గీసేది ఎక్కువగా ఆడవాళ్ళు, చదివేదీ ఎక్కువగా ఆడవాళ్ళే. 1970ల్లో జపాన్ యువ రచయిత్రులు మొదలుపెట్టారు, 1978లో జూన్ అనే పత్రిక ఒకటి దీనికోసమే పుట్టింది, ఆ తర్వాత అదో పెద్ద వ్యాపారమైంది. ఇప్పుడా కథలు ఫోన్లలో పడి మన దాకా వచ్చాయి. ఉద్యోగం చేసుకుంటూ, జీతంలోంచి ఇంటి అద్దె కట్టుకుంటూ, ఓటేసి వేలి మీద సిరా చూపించే ఆడవాళ్ళు గుంటూరు బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఇవి చదువుతున్నారు. చదివి ఊరుకోవటం లేదు, నక్షత్రాలు ఇస్తున్నారు. బొమ్మకి ఇన్ని, కథకి ఇన్ని, ఆ రెండోవాడి ఏడుపుకి ఇన్ని అని.

పెద్దమనుషులకు కంపరం పుట్టించింది కథలకంటే ఈ నక్షత్రాలే అని నా అనుమానం. ఆడపిల్ల దొంగచాటుగా చదివి సిగ్గుపడితే క్షమించొచ్చు. చదివి, ఆలోచించి, అయిదుకి మూడే ఇచ్చి, ఎందుకు తగ్గించిందో నాలుగు వాక్యాల్లో చెబితే ఎట్టా? మార్కులు వేసే కుర్చీ మనది గదా!

"ఏందమ్మా ఇయ్యి? ఎక్కడో జపానోళ్ళ దరిద్రం మనకెందుకు? మనూళ్ళో ఇట్టాంటియ్యి ఉన్నయ్యా?" అంటారు.

ఉన్నయ్యి. వినుకొండలో ఉన్నయ్యి. క్రీడాభిరామం రాసిన కవి ఇంటిపేరే వినుకొండ, పేరు వల్లభరాయుడు. కాదు, అది శ్రీనాథుడిదే అనే పండితులూ ఉన్నారు. ఎవరిదైనా దాదాపు ఆరు వందల ఏళ్ళ కిందటి సరుకు. కథ ఏమిటయ్యా అంటే, గోవింద మంచనశర్మ, టిట్టిభసెట్టి అనే ఇద్దరు స్నేహితులు ఒకరి వెంట ఒకరు పొద్దున్నించీ ఓరుగల్లు వీధులన్నీ తిరుగుతారు. సానివాడలు చూస్తారు, పూటకూళ్ళ ఇంట్లో తింటారు, కనబడిన ప్రతి ఆడమనిషినీ నఖశిఖపర్యంతం కొలిచి నక్షత్రాలు వేస్తారు. అందులో కొన్ని పద్యాలు ఇప్పటికీ క్లాసులో పైకి చదవటానికి అయ్యవార్లకు గొంతు పెగలదు. పల్నాటి వీరుల కథను ఓరుగల్లు వీధిలో పాడుతుంటే వీళ్ళు నిలబడి చూశారు కూడా. అంటే మన వీరగాథ తొలి ఆనవాళ్ళలో ఒకటి మనకు దొరికింది ఆ పెద్దలకు మాత్రమే పుస్తకంలోనే. దానికెన్ని మార్కులు? అయిదుకి అయిదు. ఎవరైనా చదివారా? చదవక్కర్లేదన్నాను గదా.

శ్రీనాథుడి మాట వచ్చింది కాబట్టి చెప్పుకోవాలి. ఆయన పేరు మీద చెలామణీ అయ్యే చాటువుల్లో పల్నాడుకు వచ్చిన మార్కులు తలుచుకుంటే ఏడుపొస్తుంది. రాళ్ళు, ఎండ, జొన్నకూడు, రసికత ఎరగని జనం అని తిట్టి పోశాడు. ఒక్క నక్షత్రం, అదీ చెన్నకేశవుడి మొహం చూసి ఇచ్చినట్టుంది. అంత చేసినా ఆయన్ని మనం నెత్తిన పెట్టుకున్నాం. ఊరికి ఊరినే తీసిపారేసిన మహానుభావుడి రేటింగు శిరోధార్యం. ఒక అమ్మాయి ఒక బొమ్మల పుస్తకానికి నాలుగు ఇస్తే మాత్రం పల్నాడు పరువు పోతుంది.

ఇంకొకటి. కారంపూడిలో ఏటా కార్తీక అమావాస్యకి వీరుల ఉత్సవం చేసుకుంటాం. బాలచంద్రుడి కథలో అనపోతు ఘట్టం తెలిసినవాళ్ళకు నేను చెప్పక్కర్లేదు. బ్రాహ్మణుడు, ప్రాణస్నేహితుడు. యుద్ధంలో వాడు చస్తే పాపమని బాలచంద్రుడు ఏదో సాకు చెప్పి వెనక్కి పంపుతాడు. తనని వదిలేసి వెళ్ళారని తెలిసి అనపోతు ప్రాణం తీసుకుంటాడు. అది విని బాలచంద్రుడు పడ్డ ఏడుపుకి ఊళ్ళో మీసాలన్నీ తడుస్తాయి. వాళ్ళిద్దరి మధ్యా ఇంకేదో ఉందని నేననటం లేదు, కత్తులు లోపల పెట్టండి. ఒక మగాడు ఇంకో మగాడి కోసం చచ్చిపోవచ్చని, రెండోవాడు వెక్కి వెక్కి ఏడవొచ్చని, అది పాడుకోదగ్గ కథేనని ఈ నేల ఎనిమిది వందల ఏళ్ళ నుంచి ఒప్పుకుంటూ వస్తోందని మాత్రం అంటున్నాను. ఒకడి కోసం ఒకడు చస్తే వీరగాథ. ఒకడి కోసం ఒకడు బతికి, సాయంత్రం ఇంటికొచ్చి అన్నం వండితే దరిద్రమట.

వంట అంటే గుర్తొచ్చింది. ఫూమి యోషినాగా అనే రచయిత్రి బీఎల్‌తోనే ఎదిగింది. ఆమె 2007లో మగవాళ్ళు చదివే మార్నింగ్ అనే పత్రికలో ఒక మాంగా మొదలుపెట్టింది. నిన్నేం తిన్నావు అని దాని పేరు. ఒక లాయరు, ఒక హెయిర్ డ్రెస్సరు, ఇద్దరూ నడివయసు మగాళ్ళు, కలిసి కాపురం ఉంటారు. పడకగది గోల దాదాపు లేదు. లాయరుగారు సాయంత్రం ఆఫీసు నుంచి వస్తూ ఏ కొట్లో కూరగాయలు చవకో చూసుకుని, కొని, ఇంటికొచ్చి వండుతాడు. పేజీలకు పేజీలు వంటే. 2019లో జపాన్ టీవీలో సీరియల్‌గా వచ్చింది. దీన్ని మా పెద్దమనుషులకు చూపించాలని నాకు మహా కోరిక. ముద్దు సీనుని తట్టుకుంటారేమో గాని, మగాడు ఆఫీసు నుంచి వచ్చి తనే బియ్యం కడిగే సీను ఇంట్లో ఆడవాళ్ళ కంటబడితే పల్నాడు నిజంగా మునిగిపోతుంది. బూతంటే అదీ!

ఆడవాళ్ళ చదువుకి మార్కులు వేసే అలవాటు బీఎల్‌తో మొదలైంది కాదు. యద్దనపూడి సులోచనారాణి 1960ల్లో 'సెక్రటరీ' రాశారు. రాజశేఖరం అనే పొడుగాటి, డబ్బున్న, తక్కువ మాట్లాడే హీరోని తెలుగు ఆడవాళ్ళకు పరిచయం చేశారు. ఆ నవలల మీద విమర్శకులు వేసిన వెటకారం అంతా ఇంతా కాదు. ఆరడుగుల హీరో, పడవలాంటి కారు, పగటికలలు, కాలక్షేపం బఠాణీలు. అవే రోజుల్లో మగాళ్ళు డిటెక్టివ్ నవలలు దిండు కింద పెట్టుకుని పడుకుంటే అది మేధకు పదును. అద్దె పుస్తకాల షాపుల్లో ఆ నవలలు నలిగి నలిగి అట్టలు ఊడేవి. చివరి పేజీలో పెన్నుతో రాతలుండేవి: సూపర్, బోర్, హీరోయిన్ ఏడుపు ఎక్కువైంది, ఈ పుస్తకంలో నలభయ్యో పేజీ చించినవాళ్ళ చేతులు పడిపోను. అవి నక్షత్రాలు కాక మరేమిటి? అప్పుడు అలా రాసినవాళ్ళు ఇప్పుడు అమ్మమ్మలయ్యారు. మనవరాలి ఫోనులో పొడుగాటి, డబ్బున్న, తక్కువ మాట్లాడే జపాన్ కుర్రాణ్ణి చూపిస్తే వాళ్ళు రాజశేఖరాన్ని ఇట్టే గుర్తుపడతారు. కాకపోతే ఈసారి అతను ఎదురుగా ఉన్న సెక్రటరీ అబ్బాయిని ప్రేమిస్తున్నాడు, అంతే.

ఇక సెలూన్ షాపుల్లో ఏముండేది? స్వాతి వారపత్రిక. తమ వంతు వచ్చేలోపు డాక్టర్ సమరం గారి ప్రశ్నలు జవాబులు మగాళ్ళందరూ భక్తిగా చదివేవాళ్ళు. దాన్ని వైద్య విజ్ఞానం అనేవారు. నిజంగానే విజ్ఞానం, నాకేం అభ్యంతరం లేదు. ఆ పత్రిక ఇంటికి వస్తే మాత్రం ఆ పేజీ దగ్గర మడిచి అటక మీద పెట్టేవారు. అక్షరం మారలేదు, కుర్చీ మారింది.

ఈ న్యాయానికి తెలుగులో పాత కేసు ఒకటుంది. ముద్దుపళని పద్దెనిమిదో శతాబ్దంలో తంజావూరు ప్రతాపసింహుడి ఆస్థానంలో ఉండి రాధికా సాంత్వనం రాసింది. రాధ కోరిక, రాధ కోపం, రాధని బతిమాలే కృష్ణుడు. ఆడమనిషి తన నోటితో శృంగారం చెప్పటం కందుకూరి వీరేశలింగం పంతులుగారికి బొత్తిగా మింగుడు పడలేదు, ఆడవాళ్ళు వినకూడనివి ఆడదే రాయటమా అని ఈసడించారు. 1910లో బెంగుళూరు నాగరత్నమ్మ ఆ కావ్యాన్ని పరిష్కరించి, వావిళ్ళవారి చేత అచ్చు వేయించి, పీఠికలో పంతులుగారినే నిలదీసింది. సిగ్గు ఆడవాళ్ళకేనా, మగాళ్ళకు ఉండక్కర్లేదా? పంతులుగారు స్వయంగా రాసిన రసికజన మనోరంజనంలో ఉన్నదేమిటి? జవాబు రాలేదు, పోలీసులు వచ్చారు. పుస్తకం నిషేధమైంది. ప్రకాశం పంతులు మద్రాసు ప్రధానిగా ఉన్న 1946-47 కాలంలో గాని ఆ నిషేధం తొలగలేదు. ఆ మధ్య కాలంలో మగ కవుల ప్రబంధాలు పాఠ్యపుస్తకాలుగా చక్కగా అమ్ముడుపోయాయి. మరీ ఇబ్బందైన చోట పద్యానికి బదులు చుక్కలు పెట్టి వదిలేశారు. జపాన్ వాళ్ళ శిక్షాస్మృతిలో కూడా 175వ సెక్షన్ ఒకటుంది, దాని భయానికి మాంగాల్లో అవయవాల మీద తెల్లటి పట్టీలు వేస్తారు. అక్కడ తెల్ల పట్టీ, ఇక్కడ నల్ల చుక్కలు. చదివేవాడి ఊహకు రెండు చోట్లా పని దొరికింది.

చట్టం కూడా చాలా ఏళ్ళు మన రచ్చబండలాగే ఆలోచించింది. 1868లో ఇంగ్లండులో హిక్లిన్ కేసు అని ఒకటి తేలింది. దాని సారం: పుస్తకం బూతా కాదా అనేది అది ఎవరి చేతుల్లో పడుతుందనే దాన్ని బట్టి ఉంటుంది. తొందరగా చెడిపోయే బుర్రల చేతికి అందితే బూతే. చెడిపోయే బుర్రలెవరివో జడ్జీలకు తెలుసు, తమవి మాత్రం కావు. 1960లో లండన్‌లో లేడీ ఛాటర్లీ నవల మీద విచారణ జరుగుతుంటే ప్రాసిక్యూటరు జ్యూరీని అడిగింది కూడా అదే: మీ భార్యలో మీ పనివాళ్ళో ఇది చదవాలని మీరు కోరుకుంటారా అని. ఆ జ్యూరీలో ముగ్గురు ఆడవాళ్ళే ఉన్నారని ఆయన మర్చిపోయినట్టున్నాడు. పుస్తకం నిర్దోషిగా బయటపడింది. మన సుప్రీంకోర్టు 1964లో అదే నవలని హిక్లిన్ తూకంతోనే తూచి తప్పుపట్టింది. ఆ తూకపు రాయిని మనవాళ్ళు 2014లో గాని అవతల పారేయలేదు. ఇద్దరు పెద్దవాళ్ళు, ఇద్దరూ మగాళ్ళే అయినా సరే, ఇష్టపడి ప్రేమించుకోవటం నేరం కాదని 2018 సెప్టెంబర్ 6న అయిదుగురు జడ్జీలు చెప్పారు. కోర్టు మారింది. రచ్చబండ మాత్రం ఇంకా 1868లోనే చుట్ట కాలుస్తోంది.

రచ్చబండ ఒంటరిదేం కాదు. జపాన్‌లోనే ఒసాకా దగ్గర సకాయ్ అనే ఊరి లైబ్రరీల్లో 2008లో ఎవరో ఫిర్యాదు చేస్తే 5,499 బీఎల్ పుస్తకాలని అరల్లోంచి తీసి లోపలి గదిలో పెట్టారు. జనం ఊరుకోలేదు, పుస్తకాలు మళ్ళీ బయటికొచ్చాయి. నాకు ఆ సంఖ్య ముచ్చటేసింది. ఫిర్యాదు అందాక కూర్చుని ఒక్కొక్కటీ లెక్కపెట్టి ఉంటారు పాపం. మన దగ్గరైతే లెక్కపెట్టే శ్రమ ఉండేది కాదు, శాఖా గ్రంథాలయం తాళమే తీయరు కాబట్టి.

"అసహజం" అనేది వీళ్ళ చివరి బాణం. అసహజమా? 2003లో పల్నాటి బ్రహ్మనాయుడు అనే సినిమా వచ్చింది. హీరో తొడ కొడితే రైలు వెనక్కి పోయింది. మనం హాల్లో లేచి ఈలలు వేశాం. అది సహజం. ఇద్దరు మగాళ్ళు బొమ్మల్లో చేతులు పట్టుకుంటే ప్రకృతి విరుద్ధం. తలలు ఎగిరే సినిమాలకు పిల్లల్ని తీసుకుపోతాం, ఎన్నేళ్ళ పిల్లలు ఎన్ని తలలు చూడొచ్చో చెప్పటానికి ఇప్పుడు 7+, 13+, 16+ అని ప్రభుత్వం విడివిడిగా గీతలు కూడా గీసింది. సినిమా సంగతి వదిలేయండి. 2024 మే 13న పోలింగ్ రోజు మాచర్ల నియోజకవర్గంలో ఓటింగు యంత్రాన్ని నేలకేసి కొట్టిన వీడియోని దేశమంతా చూసింది. ఆ తర్వాత జరిగిన గొడవలకి జిల్లాలో 144 సెక్షన్ పెట్టారు. ఆ వీడియోని మనం పిల్లల్ని ఒళ్ళో కూర్చోబెట్టుకుని, వెనక్కి తిప్పి తిప్పి చూశాం, బంధువులకు పంపాం. పెద్దలకు మాత్రమే అని ఎవరూ ముద్ర వేయలేదు. పిల్లలు చెడిపోతారని ఎవరూ బెంగపెట్టుకోలేదు. పగలగొట్టటం చూసి చెడిపోరు మా పిల్లలు, హత్తుకోవటం చూసి చెడిపోతారు.

ఇక అసలు నక్షత్రాల సంగతి. నేను కొన్ని చదివాను, వాటికి చదువరులు ఇచ్చిన మార్కులు ఇంకా శ్రద్ధగా చదివాను. మాకు మిర్చి సంగతి తెలుసు. యార్డుకి తోలేముందు కల్లంలో ఆడకూలీలు కూర్చుని రంగు పోయిన తాలు కాయని ఒక్కొక్కటిగా ఏరేస్తారు, ఆ ఏరివేతలోనే రైతుకి రేటు. ఈ చదువరులు చేసేదీ అదే పని. ఫలానా కథలో పొడుగాటివాడు రెండోవాణ్ణి అడక్కుండానే మీద పడ్డాడు, ఒక నక్షత్రం కోత. ఫలానాదాంట్లో వద్దన్నా వెంటపడటాన్ని ప్రేమ అన్నారు, రెండు కోత. బొమ్మ బాగుంది గాని ఇద్దరికీ ఒకే మొహం, అర కోత. పాత బీఎల్‌లో బలవంతం నిజంగానే ఎక్కువ, బలవంతం చేసినవాణ్ణే చివరికి ప్రేమికుడిగా నిలబెట్టిన కథలకు లెక్కలేదు. దాన్ని పట్టుకుని ఏళ్ళ తరబడి పోట్లాడుతున్నది ఈ ఆడవాళ్ళే.

ఇదే తూకం మన సినిమాకి పెడితే? హీరోయిన్ ఇంటి ముందు మోటారు సైకిల్ వేసుకుని తిరగటం, చున్నీ లాగటం, ఆమె ఛీ కొడితే పాటెత్తుకోవటం, చివర్లో ఆమె కరిగిపోవటం. కుటుంబ సమేతంగా చూడదగ్గ చిత్రం అని పోస్టరు వేసి మరీ ఆడించాం. అక్కడ ఏ పెద్దమనిషీ అర నక్షత్రం కోయలేదు. ఒప్పుకోలు అనేది ఒకటుంటుందని, అది లేకపోతే ప్రేమకథకి మార్కులు తగ్గుతాయని పల్నాడులో లెక్కగట్టి చెబుతున్నది ఎవరయ్యా అంటే, మనం చెడిపోయారని బెంగపెట్టుకున్న ఆ బస్సు కిటికీ పక్క అమ్మాయిలు.

బీఎల్‌ని నేను వెనకేసుకొస్తున్నానని అనుకునేవాళ్ళకి ఒక మాట. చాలా పుస్తకాలు నాకు నచ్చలేదు. ఒకే మూస. అందరూ నాజూకు వేళ్ళవాళ్ళే, ఎవరికీ పొట్ట ఉండదు, అప్పు ఉండదు, చెల్లెలి పెళ్ళి ఉండదు. 1992లో జపాన్‌లో ఒక స్వలింగ ప్రేమికుడు ఈ రచయిత్రుల్ని బాహాటంగానే కడిగేశాడు, మా బతుకులతో మీ ఊహలకు వినోదమా అని. దాని మీద అక్కడ ఏళ్ళ తరబడి వాదన నడిచింది, కొందరు రచయిత్రులు, చదువరులు ఆ మాటని మనసుకు తీసుకున్నారు. అది గట్టి ప్రశ్న. పిడుగురాళ్ళ సున్నపు బట్టీల్లోనో, సత్తెనపల్లి జిన్నింగ్ మిల్లులోనో పనిచేసే ఒక కుర్రాడు ఇంకో కుర్రాణ్ణి ప్రేమిస్తే, ఇంట్లో సంబంధాలు చూస్తుంటే, వాడి కథ ఈ నాజూకు వేళ్ళ పుస్తకాల్లో లేదు. తెలుగులోనూ వెతుక్కోవాల్సిందే. ఆ లోటుకి ఎన్ని మార్కులు కోయాలో మాట్లాడుకుందాం రమ్మంటే నేను తయారు. కాని ఆ మాట మాట్లాడటానికి పుస్తకం చదివి ఉండాలి. మా పెద్దమనుషుల ఫిర్యాదు ఇంకా అట్ట దగ్గరే ఆగిపోయింది.

కాబట్టి అయ్యలారా, ఒక పుస్తకం తెప్పించుకోండి. భయమేస్తే ఆ లాయరుగారి వంట కథతో మొదలుపెట్టండి, ఉప్పూ పులుపూ దగ్గర తప్పులేమైనా ఉంటే పట్టుకోవచ్చు. నచ్చకపోతే ఒక్క నక్షత్రమే ఇవ్వండి, శ్రీనాథుడు మనకిచ్చాడు గదా. జపాన్ పుస్తకాలు కుడివైపు నుంచి తెరవాలని మాత్రం మర్చిపోకండి. మన పద్ధతిలో తెరిస్తే మొదట తగిలేది చివరి పేజీ, అప్పటికే ఇద్దరూ కలిసిపోయి ఉంటారు, మీరు మళ్ళీ కేకలేస్తారు.